ప్రయాణాలు లెక్కపెట్టిన నర్సమ్మ గారు

నర్సమ్మ గారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున్న అందింది. నాలుగేళ్ళ క్రితం ముగిసిన సర్వే కోసం మేం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఇంకా మూతపడలేదు. పండగలకి ఎవరో ఒకరు అందులో పువ్వుల బొమ్మ పెడుతుంటారు. ఆ గ్రూపులోనే ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసిన మా పాత ఎన్యూమరేటర్ ఒకమ్మాయి రాసింది: "నర్సమ్మ గారు తెల్లారగట్ల పోయారు. గుండెపోటు." అప్పుడు నేను విశాఖలో మా ఆఫీసులో కూర్చుని ఇంకో జిల్లా తాలూకు పట్టిక సరిచూస్తున్నాను. సందేశం చదివి ఫోను బోర్లా పెట్టాను. పట్టిక చివరి వరుస దాకా చూసి, అప్పుడు లేచాను. ఆమె దగ్గర పని నేర్చుకున్న వాళ్ళెవరూ వరుస మధ్యలో వదిలి లేవరు.

మీలో చాలామందికి ఆమె తెలిసే అవకాశం లేదు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ నర్సుగా తిరిగి రిటైరయ్యారు. ఆ తర్వాత ఏడాది పాటు మా సర్వేకి సూపర్‌వైజరుగా పనిచేశారు. నాకు తెలిసింది ఆ ఒక్క ఏడాదే. ఆమె నాకు బంధువు కాదు. మా ఇల్లు విజయనగరంలో, ఆమెది శ్రీకాకుళంలో. కానీ నా ఉద్యోగం ఎలా చెయ్యాలో ఆమె దగ్గరే తెలిసింది కాబట్టి, నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జనం రోజూ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతున్నారో అంచనా కట్టి, ఏ దారిలో ఎన్ని బస్సులు కావాలో ప్రభుత్వానికి చెప్పడం మా కంపెనీకి అప్పగించిన పని. అందరినీ అడగలేం. ఊరికి కొన్ని ఇళ్ళు ఎంచుకుని, నిన్న మీ ఇంట్లో ఎవరెవరు ఎక్కడికి వెళ్ళారని అడుగుతాం. ఆ జవాబులను బట్టి ఇంటికి సగటున రోజుకు ఎన్ని ప్రయాణాలో తేల్చి, ఊళ్ళో ఉన్న ఇళ్ళ సంఖ్యతో హెచ్చవేస్తాం. దీన్ని మా పుస్తకాల్లో ప్రయాణాల ఉత్పత్తి అంటారు. ఆ తర్వాత అసలు పరీక్ష ఉంటుంది. రోడ్ల మీద నిలబడి లెక్కపెట్టిన సంఖ్యల పక్కన మన అంచనాను పెట్టి చూడాలి. రెండూ దగ్గరగా ఉంటే అంచనాను నమ్మవచ్చు. లేకపోతే తప్పెక్కడుందో వెతకాలి.

శ్రీకాకుళంలో సూపర్‌వైజర్ల కోసం మనుషులను చూస్తున్నప్పుడు ఆమె వచ్చారు. చేతిలో మగవాళ్ళ గొడుగు, భుజానికి గుడ్డ సంచి. ట్యాబ్ వాడటం వచ్చా అని అడిగాను.

"రాదు. నేర్పితే వస్తాది," అన్నారు. "నీకు ఇల్లు ఎతకడం వచ్చేటి?"

"ఏ ఇల్లండీ?"

"ఏ ఇల్లైనా. తలుపు గడెట్టి ఉంటే లోపల మనిషి ఉన్నాదో లేదో సెప్పగలవా?"

చెప్పలేనన్నాను. ఆమె నవ్వలేదు. తను చెప్పగలనన్నట్టు కూడా మొహం పెట్టలేదు. దరఖాస్తు కాగితం తీసుకుని, ఒక మూల కూర్చుని, పెన్సిల్‌తో నింపసాగారు.

శిక్షణ తరగతిలో నేను బోర్డు మీద 'ప్రయాణాల ఉత్పత్తి' అని రాసినప్పుడు వెనక బెంచీలోంచి చెయ్యెత్తారు. "ఉత్పత్తంటే పుట్టుకే కదా పిల్లా?" అన్నారు. అవునన్నాను. "అయితే నాకు తెలిసిన పనే. ఇన్నాళ్ళూ పురుళ్ళు లెక్కెట్టేను, ఇప్పుడు పెయానాలు లెక్కెడతాను." తరగతంతా నవ్వింది. నవ్వు అయ్యాక మళ్ళీ చెయ్యెత్తారు. "నడిసెల్తే పెయానమేనా?" అని అడిగారు. నడిచి వెళ్ళినా ప్రయాణమేనని చెప్పాను. "జనానికి ఆ మాట తెలీదు. మీరు కాయితం మీద రాస్తే సరిపోదు," అన్నారు. ఆ రోజు ఆ మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆమె పని తీరు నెమ్మది. ఇంటికి వెళితే గుమ్మం దగ్గరే నిలబడేవారు. ఆ ఇంటి ఆడమనిషి కూర్చునేదాకా తను కూర్చునేవారు కాదు. మోకాళ్ళ నొప్పి గురించో, మనవరాలి దగ్గు గురించో మాటయ్యాక గాని కాగితం బయటకు తీసేవారు కాదు. ట్యాబ్ నేర్చుకున్నారు గానీ, పక్కన ఒక నోటుబుక్కులో పెన్సిల్‌తో కూడా రాసుకునేవారు. రబ్బరు వాడేవారు కాదు. తప్పు రాస్తే దాని మీద ఒకే గీత కొట్టి పక్కన ఒప్పు రాసేవారు. కింద ఉన్నది చదవడానికి వీలుండాలి. "తప్పు కూడా కనబడాల. లేకపోతే నువ్వు దిద్దినట్టు ఎవులికి తెలుస్తాది?" అనేవారు. సరిగ్గా పన్నెండయ్యేసరికి ఎక్కడుంటే అక్కడే, రేకుల షెడ్డయినా స్కూలు అరుగైనా కూర్చుని ఫ్లాస్కులోని చోడి అంబలి, అదే రాగి జావ, తాగేవారు. మాకూ పోసేవారు. నాకు ఆ రుచి చివరిదాకా అలవాటు కాలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పనూ లేదు.

తాళం వేసిన ఇల్లు ఎదురైతే, నిబంధన ప్రకారం పక్కింటికి వెళ్ళిపోవచ్చు. ఆమె మాత్రం తన ఎన్యూమరేటర్లను ముందు నోటుబుక్కులో 'తాళం' అని రాయమనేవారు. ఎన్నాళ్ళ నుంచి వేసి ఉందో ఇరుగుపొరుగుని అడిగి అది కూడా రాయించేవారు. నరసన్నపేట దగ్గర ఒక ఊళ్ళో ఒకమ్మాయి విసుక్కుంది. "తాళం పెట్టి ఉంటే ఇంకేటి రాస్తామండీ?" అంది. "తాళం కూడా జవాబే," అన్నారు నర్సమ్మ గారు, కోపం లేకుండా. ట్యాబులో నేను అందుకోసం ఒక గడి పెట్టించాను. పెట్టించి, దాన్ని మరిచిపోయాను.

సర్వే ముగిసింది. విశాఖలో లెక్కలు కట్టాం. మా అంచనాలో వచ్చిన మొత్తం ప్రయాణాలనూ, రోడ్ల మీద లెక్కపెట్టిన మొత్తాన్నీ పక్కపక్కన పెడితే తేడా దాదాపు ఏమీ లేదు. అంత దగ్గరగా రావడం అరుదు. మా టీమ్ లీడర్ లేచి వచ్చి నా స్క్రీన్ చూసి, "ఫ్రేమ్ కట్టించి పెట్టుకో," అన్నారు. శుక్రవారం నాటికి నివేదిక ఇచ్చెయ్యాలి. క్షేత్రంలో పని సరిగ్గా జరిగిందని సూపర్‌వైజర్ల సంతకాలు తేవడం ఒక్కటే మిగిలింది. మిగతా వాళ్ళు చూడకుండానే సంతకం పెట్టారు. బుధవారం నాడు నేను శ్రీకాకుళంలో నర్సమ్మ గారింటికి వెళ్ళాను.

ఆమె చెల్లెలు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళింది. నర్సమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని, సంతకం పెట్టాల్సిన కాగితం పక్కన పెట్టి, ఊళ్ళ వారీగా లెక్క ఉందా అని అడిగారు. ఉంది కానీ అది అనుబంధంలో ఉంటుందని, మొత్తం సరిపోయిందని చెప్పాను.

"మొత్తం సరిపోయిందంటే నాకు భయమేస్తాది పిల్లా. ఊళ్ళది సూపించు."

ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. ఆమె వేలితో ఒక్కొక్క వరుసా దిగుతూ వచ్చి, శ్రీకూర్మం అవతల ఉన్న ఒక చేపలూరి దగ్గర ఆపారు.

"ఈ ఊళ్ళో ఆడోళ్ళు కదల్నేదని రాసేరు."

"ఎక్కువమంది ఇంట్లోనే ఉన్నామని చెప్పారండీ. సర్వేలో వచ్చిందే వేశాం."

ఆమె వేలు ఇంకా కిందికి దిగింది. నౌపడ దాటాక మెట్ట ప్రాంతంలో ఉన్న ఇంకో ఊరి దగ్గర వేలు మళ్ళీ ఆగింది. "ఇక్కడ ఇన్నిమంది రోజూ తిరుగుతన్నారా? ఈ ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు. నా కింద పనిసేసిన ఆడపిల్లలే రాసేరు. ఎవులు తిరుగుతన్నారు మరి?"

అప్పుడు నాకు ట్యాబులోని ఆ గడి గుర్తొచ్చింది. తాళం వేసిన ఇళ్ళ బదులు మేం పక్కిళ్ళను అడిగాం. ఆ సగటును ఊళ్ళో ఉన్న అన్ని ఇళ్ళతోనూ హెచ్చవేశాం. ఆ ఇళ్ళ సంఖ్య పాత జనాభా లెక్కల్లోది. తాళం వేసిన ఇళ్ళలోని మనుషులు కూడా రోజూ బజారుకు వెళ్ళి వస్తున్నట్టు నా లెక్కలో ఉంది. ఆ పని చేసింది నేనే. అయినా నాకు పట్టుదల వచ్చింది.

"ఒక చోట కొంచెం తక్కువ, ఒక చోట కొంచెం ఎక్కువ ఉంటుందండీ. మొత్తం మీద సర్దుకుంటుంది. శుక్రవారం ఇచ్చెయ్యాలి," అన్నాను.

ఆమె కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచారు. తర్వాత చెప్పిన సంగతి ఏ హెచ్చుతగ్గులూ లేని గొంతుతో చెప్పారు.

"నాకు రెండు గూడేలుండేవి. మా అమ్మ పోతే నెల రోజులు సెలవెట్టేను. నా బదులు ఇంకొకావిడ పిల్లలకి సూదులేసి రిజిస్టరు రాసినాది. నేనొచ్చి సూసేను. పిల్లలెంతమందో సూదులు అన్నే. మొత్తం సరిపోయింది. సంతకం ఎట్టేను. దగ్గరున్న గూడెంలో కొందరి పేర్లు రెండేసి సార్లు రాసేసి, కొండ మీద గూడెంకి ఆవిడ ఎల్లనే నేదు. ఆ ఏడు తట్టొచ్చినాది. రెండేళ్ళ ఆడపిల్ల సచ్చిపోనాది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఆ పిల్లకి పురుడు పోసింది కూడా నేనే," అన్నారు.

 లోపల ఆమె చెల్లెలు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"బస్సుల గురించి కదా, ప్రాణాలు పోవులే అనుకుంటావు," అన్నారామె. "అనుకో. నేను మటుకు సంతకం ఎట్టను. నీకు సేతనైతే రేపు పొద్దున్న నన్ను ఆ సేపలూరు తీసుకెల్లు."

టీమ్ లీడర్‌కి ఫోన్ చేసి చెప్పాను. "మొత్తం మ్యాచ్ అయ్యాక ఇంకేం చూస్తారు?" అన్నారు. ఆమె సంతకం లేకపోతే మిగతా ఇద్దరి సంతకాలు చాలన్నారు. నిజమే, చాలు. ఆ సాయంత్రమంతా నేను విజయనగరం వెళ్ళిపోదామా, శ్రీకాకుళంలో ఉండిపోదామా అని ఆలోచించాను. చివరికి ఉండిపోయాను. ధైర్యం కొద్దీ ఉన్నానని చెప్పలేను. ఆ ఊరిపేరు మీద ఆమె వేలు ఆగిన తీరు పదేపదే గుర్తొచ్చింది, అంతే.

పొద్దున్నే నా స్కూటీ మీద ఆమెను ఎక్కించుకుని బయల్దేరాను. గొడుగు అడ్డంగా పట్టుకుని, ఒక చెయ్యి నా భుజం మీద వేసి కూర్చున్నారు. మలుపుల దగ్గర భుజం మీద చిన్నగా తట్టేవారు, ఎటు తిరగాలో అన్నమాట. శ్రీకూర్మం దాటి ఇసుక దారిలో ఆ ఊరు చేరేసరికి ఎండ ముదిరింది. మా సర్వేలో ఎంచుకున్న ఒక ఇంటికే వెళ్ళాం. అరుగు మీద ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. సర్వేకి జవాబులు చెప్పింది తనేనన్నాడు.

"మీ కోడలు రోజూ ఎక్కడికైనా ఎల్తాదా మావా?" అని అడిగారు నర్సమ్మ గారు.

"ఆడోళ్ళు ఎక్కడికెల్తారు తల్లీ. ఇంటికాడే ఉంటారు."

కోడలు ఇంట్లో లేదు. మేం అక్కడే కూర్చున్నాం. గంటన్నర తర్వాత ఆమె ఖాళీ తట్ట చంకన పెట్టుకుని వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. కాళ్ళ మీద దుమ్ము మోకాలి దాకా ఉంది. నర్సమ్మ గారిని చూసి గుర్తుపట్టి నవ్వింది. ఆమె నీళ్ళు తాగి కూర్చున్నాక నర్సమ్మ గారు అడిగారు.

"నిన్న ఏటైనా పెయానం సేసేవేటే?"

"నానెక్కడికెల్తానమ్మా! ఇంటికాడే ఉన్నాను."

"నిన్న సేపలమ్మనేదా మరి?"

"అమ్మేను."

"ఎక్కడమ్మేవు?"

"తెల్లారకుండా రేవుకాడికెల్లి ఏలంలో నెత్తళ్ళ సేపలు పాడుకున్నాను. అక్కడ్నించి శ్రీకూర్మం నడిసెల్లేను. అక్కడ సగమే సెల్లినాయి. మరింక సర్వీసాటో ఎక్కి శ్రీకాకుళం ఎల్లేను. వచ్చినప్పుడు ఆటో దొరక్క సగం దూరం నడిసేను. ఇంటికొచ్చి, పొద్దుపోకుండా మళ్ళీ ఐసు కోసం ఎల్లేను."

"మరి పెయానం సెయ్యనేదంటావేటే?"

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "అది పెయానమేటమ్మా? అది పని," అంది. "పెయానమంటే సింహాచలం ఎల్లడం."

అరుగు మీద పెద్దాయన వల పక్కన పెట్టి, కోడలి వైపు కాస్త ఆశ్చర్యంగా చూశాడు. ఆమె నడిచిన దారిని అతను కూడా మొదటిసారి వరసగా విన్నాడేమో.

నర్సమ్మ గారు నోటుబుక్కులో రాసుకున్నారు. ఒక్క మనిషి, ఒక్క రోజు, ఆరు ప్రయాణాలు. మా దస్త్రంలో ఆమె పేరుకి ఎదురుగా సున్నా ఉంది. ఆ రోజు ఇంకా పదకొండు ఇళ్ళు తిరిగాం. ప్రతి ఇంట్లోనూ అదే కథ. దారిలో నర్సమ్మ గారు ఒక మాట అన్నారు: "మొగోడి నోట్లోంచి ఆడదాని పెయానం రాదు పిల్లా. ఆళ్ళనడగాల. పెయానమనే మాట కూడా అనకూడదు. నిద్ర లేసి ఏటి సేసేవు, తరవాతేటి సేసేవు, అలాగడగాల." ఇప్పుడు మా కంపెనీ ఎక్కడ సర్వే చేసినా ప్రశ్న అలాగే ఉంటుంది. దాని కింద ఆమె పేరు ఉండదు.

మర్నాడు, అంటే నివేదిక ఇవ్వాల్సిన శుక్రవారం నాడు, నౌపడ వైపు వెళ్ళాం. ఉప్పుమడులు దాటి, జీడితోటల మధ్య నుంచి ఆ మెట్ట ఊరు చేరాం. బస్సు ఆగే చోట ఒక చిన్న కిరాణా కొట్టుంది. కొట్టు నడిపే ఆవిడ దగ్గర మేకుకి తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. పద్నాలుగు ఇళ్ళవి. ఇంటిల్లిపాదీ వలస పోయిన వాళ్ళు ఆమె దగ్గర ఇచ్చి వెళ్ళారు. నర్సమ్మ గారు ఒక్కొక్క తాళంచెవీ పట్టుకుని అడిగారు. ఆమె ఒక్కొక్కటీ చెప్పింది. ఆళ్ళు మద్రాసు. ఆళ్ళు హైదరాబాదు, అపార్టుమెంట్ల కట్టుబడికి. ఈళ్ళు పారాదీపు, బోట్ల మీదకి. రెండేళ్ళయింది. నాలుగేళ్ళయింది. ఈళ్ళు ఇంక రారేమో.

చెప్పడం అయ్యాక ఆవిడకు అనుమానం వచ్చింది. "ఇదంతా ఎందుకు రాస్తన్నారమ్మా? జనం లేరని బస్సులు తీసెత్తారేటి?"

నేను మాట తప్పించబోయాను. ఇంకా ఏమీ నిర్ణయం కాలేదని, ఇది లెక్క మాత్రమేనని ఏదో మొదలుపెట్టాను. నర్సమ్మ గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"తీసెయ్యొచ్చు," అన్నారు. "మీ ఊరికొచ్చే రెండు బస్సుల్లో ఒకటి తీసెయ్యొచ్చు."

కొట్టావిడ మొహం మారిపోయింది. "మా మరిదికి కిడ్నీలు పోనాయి. వారానికి రెండు మాట్లు డయాలసిస్‌కి పొద్దున్న పదింటి బస్సుకే ఎల్తాడు. ఈ వీధిలో అలాటోళ్ళు ఇంకా ముగ్గురున్నారు. ఉన్నోళ్ళు సచ్చిపోవాలా, లేనోళ్ళు ఎల్లిపోయేరని?"

నేను స్కూటీ వైపు నడిచాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నా పాత లెక్కే మేలనిపించింది. తప్పు లెక్క ఈ ఊరికి బస్సు ఉంచుతుంది. నర్సమ్మ గారితో ఆ మాటే అన్నాను. "మనం చూడకపోయినా బాగుండేది కదండీ."

ఆమె వచ్చి బండెక్కారు. జీడితోట దాటాక బండి ఆపమన్నారు. దిగి గొడుగు విప్పి నిలబడ్డారు. "ఇక్కడ లేనోళ్ళ పేరు మీద బస్సుంటే, అక్కడ సేపలోళ్ళకి నేకుండా పోతాది. లెక్క తగ్గితే తగ్గనీ. కానీ ఎంతమందో రాసి ఊరుకోకు. ఎవులు ఎల్తన్నారో, ఎందుకెల్తన్నారో కూడా రాయి. ఆ నలుగురివీ ఏ రోజులో, ఏ బస్సో రాయి." మళ్ళీ బండెక్కబోతూ, "నాకు కూడా ఇంతకంటే తెలీదు పిల్లా," అన్నారు. ఆమె నోట 'తెలీదు' అన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

నివేదిక మూడు వారాలు ఆలస్యమైంది. తాళాల గడిలో ఉన్నవి చూసి, మూసి ఉన్న ఇళ్ళను మినహాయించి, ప్రతి ఊరికీ మళ్ళీ హెచ్చవేతలు చేశాను. తీర ప్రాంతంలో ఎంచుకున్న ఊళ్ళన్నిటికీ ఎన్యూమరేటర్లను మళ్ళీ పంపి, ఆడవాళ్ళను వాళ్ళనే అడిగించాం. అంతా అయ్యాక వచ్చిన మొత్తం పాత మొత్తానికి ఇంచుమించు సమానం. చేపలూళ్ళలో తక్కువ వేసిందీ, మెట్ట ఊళ్ళలో ఎక్కువ వేసిందీ ఒకదాన్నొకటి కప్పేసుకుని కూర్చున్నాయి. టీమ్ లీడర్ ఆ అంకె చూసి, "దీనికా మూడు వారాలు?" అన్నారు. ప్రభుత్వం వారి ముందు మాట్లాడే అవకాశం నాకు ఇవ్వలేదు. తను వెళ్ళి చెప్పి వచ్చారు. అయితే ఊళ్ళ పట్టిక మాత్రం నేను రాసినట్టే వెళ్ళింది. దాని వెనక ఎవరు, ఎందుకు, ఏ బస్సుకు వెళుతున్నారో రాసిన ఆరు పేజీలు కూడా వెళ్ళాయి. నర్సమ్మ గారు ప్రతి పేజీ చదివి, రెండు చోట్ల ఒకే గీత కొట్టి దిద్ది, చివర సంతకం పెట్టారు.

ఏడాదిన్నర తర్వాత చేపలూరికి పొద్దున్న బస్సు వచ్చింది. మెట్ట ఊరికి సాయంత్రం బస్సు తీసేశారు, పదింటి బస్సు ఉంచారు. మా ఆరు పేజీల వల్లే ఉంచారని నేను చెప్పలేను. వేరే కారణాలు కూడా ఉండి ఉండొచ్చు. సాయంత్రం బస్సు పోయిందని తెలిశాక నర్సమ్మ గారు ఒక్కరే ఆ ఊరు వెళ్ళారట. ఆ సంగతి తర్వాత ఎప్పుడో ఫోనులో చెప్పారు.

"ఎందుకెళ్ళారండీ?"

"తీసెయ్యొచ్చని సెప్పింది నేనే కదా. తీసేసేక మొహం సూపించాల."

"ఏమందావిడ?"

"తిట్టినాది. తిట్టి టీ ఇచ్చినాది. తాగొచ్చేను."

ఆ తర్వాత మా మధ్య మాటలు తగ్గాయి. నేను వేరే జిల్లాల పనిలో పడ్డాను. ఆమె సంక్రాంతికి ఒకసారి, నా పుట్టినరోజుకి ఒకసారి ఫోన్ చేసేవారు. పుట్టినరోజు తేదీ ఆమెకు నేను చెప్పలేదు. ఉద్యోగం కాగితాల్లో చూసి గుర్తుపెట్టుకున్నారు. ఈ ఏడు ఫోన్ చేసినప్పుడు నేను మీటింగులో ఉన్నాను. తర్వాత చేస్తానని సందేశం పెట్టాను. చెయ్యలేదు. దీన్ని పెద్ద పశ్చాత్తాపంగా రాయడం ఆమెకు నచ్చదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

పదో రోజు నాటికి శ్రీకాకుళం వెళ్ళాను. ఇల్లు నిండా మనుషులున్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. చాలామందికి ఆమే పురుడు పోశారట. కొందరి తల్లులకీ పోశారు, వాళ్ళకీ పోశారు. ఆమె చెల్లెలు నన్ను గుర్తుపట్టి లోపలికి తీసుకెళ్ళింది. అక్క చివరి రోజుల్లో ఏం చేసేవారని అడిగాను. "ఏటుందమ్మా. పొద్దున్నే గొడుగట్టుకుని పొయ్యీది, మధ్యాన్నం వచ్చీది. ఎక్కడికెల్లేవంటే, ఎక్కడికీ ఎల్లనేదు అనీది," అంది. అని, తనే చిన్నగా నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు అక్కడే ఉండి, మర్నాడు పొద్దున్న స్కూటీ మీద శ్రీకూర్మం దాటి ఆ చేపలూరు వెళ్ళాను. ప్రత్యేకంగా పనేమీ లేదు. బస్సు ఆగే చోట ఏడెనిమిది మంది ఆడవాళ్ళు తట్టలు దించుకుని నిలబడి ఉన్నారు. నాలుగేళ్ళ క్రితం మాతో మాట్లాడిన కోడలు కూడా వాళ్ళలో ఉంది. నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"నర్సమ్మ పోనాదట గదా."

అవునన్నాను.

"మా సిన్నదానికి ఆమే కదా పురుడోసినాది," అంది. ఇంకేదో అనబోయింది గానీ బస్సు వచ్చేసింది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా కదిలారు. కండక్టరు తట్టలు వెనక్కి పెట్టమని, నీళ్ళు కారితే ఊరుకోనని కేకలేస్తున్నాడు. ఎవరూ వినడం లేదు. ఒకరి తట్ట ఇంకొకరు అందుకుంటున్నారు. బస్సు బయల్దేరింది. వెనక తలుపు సందులోంచి చేపల నీళ్ళు సన్నటి ధారగా కారుతూ, తారు రోడ్డు మీద ఒక తడి గీత గీసుకుంటూ వెళ్ళాయి. బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఆ గీత ఎండకి ఈ చివర నుంచి మెల్లగా ఆరడం మొదలుపెట్టింది.